పెదనాన్న వద్దన్న తలపాగా

మా పెదనాన్నను తలుచుకుంటే ముందుగా ఆయన గొంతు గుర్తొస్తుంది. అల్లూరు దగ్గరి మా పల్లెలో మగవాళ్లంతా అలల హోరును మించి అరిచేవాళ్లు. ఆయన మాత్రం చిన్నపిల్లనైన నన్ను కూడా "ఆ తెడ్డు కాస్త అందిస్తావా అమ్మా?" అని అడిగేవాడు. ఎవరికీ ఏ పనీ పురమాయించేవాడు కాదు.

వలల తగాదాలో ఆయనా మా నాన్నా కలిసి జైలుకు వెళ్లొచ్చారని తెలుసు. అక్కడేం జరిగిందో, తిరిగొచ్చాక ఇద్దరూ వేరువేరు పడవల్లో వేటకు ఎందుకు వెళ్లేవాళ్లో మాకు తెలియదు.

పంతొమ్మిది వందల అరవైల తొలి ఏళ్లలో ఒక మంచు ఉదయం, సముద్రమూ ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోయి ఉండగా, ఊరివాళ్లు తలపాగా తెచ్చి ఆయన్ను ఊరిపెద్దగా ఉండమన్నారు.

పెదనాన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకొద్దు. జైల్లో నన్ను తోటి ఖైదీల మీద కాపలా పెట్టినారు. టోపీ, బెల్టు ఇచ్చినారు. వారం తిరగకముందే ఆ బెల్టుతో నా తమ్ముణ్ణి కొట్టినాను. వాడు వరసలో నిలబడి నీళ్లడిగినాడు, అంతే. అప్పుడు నాకది తప్పనిపించలా."

పక్కనే వల బాగుచేస్తున్న నాన్న తలెత్తాడు.

"ఆ టోపీ నాకిచ్చుంటే నేనూ కొట్టుండేవాణ్ణే అన్నా," అన్నాడు.

పెదనాన్న ఇసుకలో కూలబడి ఏడ్చాడు. తలపాగాను ఊరివాళ్లు మరొకరికి కట్టారు. మరునాడు తెల్లవారుతుండగా అన్నదమ్ములిద్దరూ ఒకే పడవెక్కి వేటకు వెళ్లారు. వాళ్లనలా చూడటం నాకదే మొదటిసారి.