టైరు నాకిన జడలబర్రె

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఇరవై ఏళ్లు లారీ తోలాను, శ్మశానం పక్కన బండి ఆపుకుని పడుకున్నాను. ఇప్పుడైనా నమ్ముతానని అనను. కానీ నా తప్పుకు ఇంకొకడు పోయాడు. అది చెప్పాలి.

కోవిల్‌పట్టి నుంచి నేనూ మా బావ రామసామీ రోడ్డు పనికి లడఖ్ వెళ్లాం. ఇద్దరం టిప్పర్ డ్రైవర్లం. రోడ్డుకు పైన డోల్మా అనే ఆమె జడలబర్రెలు పెంచేది. మా టీకి పాలు ఆమెవే. దూడలను తాషీ అనే ముసలాయన కాసేవాడు. ఆయనకు ఇల్లూ వాకిలీ లేవు. ఆ కొట్టంలోనే తిండీ పడకా.

ఒక ఉదయం రివర్స్ తీస్తూ ఒక దూడను వెనక చక్రం కింద తొక్కించాను. బావ తప్ప ఎవరూ చూడలేదు.

"సెప్పేద్దాము మాప్ళే. ఆ తాత పావం."

"నోరు మూసుకో బావా. పని పోతే నువ్వా కూడు పెట్టేది?"

దూడ వాలు మీద నుంచి జారిపడిందన్నాను. తాషీ కాయకుండా నిద్రపోయాడని కూడా నేనే అన్నాను.

దూడ చస్తే తల్లి పాలు చేపదు. మా ఊళ్లో అయితే దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు నిలబెడతాం. ఆ పని నేను చేస్తానన్నాను. సాయానికి కాదు, టైరు గుర్తు పడిన తోలు ఇంకొకరి చేతికి పోకూడదని. గుర్తున్న ముక్క కోసి పారేశాను. తల్లి గడ్డిదూడను నాకి పాలిచ్చింది. డోల్మా నాకు వెన్న పెట్టింది, తాషీని వెళ్లగొట్టింది. మంచులో ఆయన నా బండికి చెయ్యెత్తాడు. ఆపలేదు. మూడో రోజు శవమై దొరికాడు.

ఆ రోజే జడలబర్రె గడ్డిదూడను వదిలేసి కిందికి వచ్చింది. నా టిప్పర్ వెనక చక్రం నాకుతూ నిలబడింది. పొదుగు నుంచి పాలు కారుతున్నాయి. చక్రం నేను ఎప్పుడో కడిగేశాను. టైరు మార్చాను. వేరే బండి ఎక్కాను. ఆ బండి దగ్గరికే వచ్చింది.

"నువ్వే దాని దూడ అనుకొనిందేమో మాప్ళే," అని నవ్వబోయి బావ ఆగిపోయాడు.

పని మానేసి వచ్చేశాను. ఇప్పుడు వేరుశనగ మిఠాయి లోడు విరుదునగర్‌కు తోలుతున్నాను. ఈ బండి తమిళనాడు దాటలేదు. అయినా కొన్ని రోజులు తెల్లారి చూస్తే వెనక చక్రం ఒక్కటే తడిగా ఉంటుంది. వాన ఉండదు. ఆ తడికి జానెడు పొడవున్న నల్లని వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. మా నల్లరేగడి ఊళ్లలో ఏ గొడ్డుకూ అంత జుట్టు లేదు. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

పోయిన నెల డోల్మాకు ఫోన్ చేశాను. దూడను చంపింది నేనేనని, తాషీ తప్పేమీ లేదని చెప్పాను. అంతే చెప్పాను. ఆమె తనకు వచ్చిన హిందీలో, "తాషీ చనిపోయిన చలికాలంలోనే ఆ గొడ్డు కూడా చచ్చింది. ఇంకా నాకుతోందా?" అని అడిగి పెట్టేసింది.

ఇక్కడ చక్రం తడుస్తున్న సంగతి ఆమెకెలా తెలిసిందో నాకు అంతుపట్టడం లేదు. ఈ పొద్దున కూడా చక్రం తుడిచి బండి తీశాను.