పెర్సీ వరసలో దొరికిన వెండి పెన్నీ

ఇంగ్లండులో, సఫోక్‌లోని ఆ మిల్లు పొలాన్ని ముప్పై ఏళ్లుగా జల్లెడ పట్టారు. పాత నాణేలు వెతికే మూడు క్లబ్బులవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, నేలలో లోహం ఉంటే హెడ్‌ఫోన్లలో మోగే యంత్రాలతో తిరిగి, ఇక అందులో మేకు కూడా మిగల్లేదని చేతులు దులుపుకొని పోయారు. ఆ మాట చెవిన పెట్టనివాళ్లు ఇద్దరే. బస్సు నడిపి రిటైరైన పెర్సీ గారడ్ ఒకడు, పంచదార ఫ్యాక్టరీలో పని మానేసిన క్లైవ్ థర్లో ఇంకొకడు. క్లైవ్ తొమ్మిదేళ్లు చిన్న. పాత నాణేల పిచ్చి అతనికి అంటించింది పెర్సీయే.

"గట్టిగా మోగేవన్నీ ముందొచ్చినోళ్లు పట్టుకుపోయార్రా. మనకి మిగిలింది గొణుగుడే. చెవి పెట్టి విను" అనేవాడు పెర్సీ.

ప్రతి శనివారం పెర్సీ ముందు, క్లైవ్ వెనక, పెర్సీ యంత్రం తిప్పిన వరసలో సగాన్ని తనూ మళ్లీ వెతుకుతూ నడిచేవారు. వాళ్లకొక కట్టుబాటు ఉంది. నేలలోంచి ఏది బయటపడినా, తుప్పుపట్టిన బొత్తామైనా సరే, జేబులో వేసే ముందు అరచేతిలో పెట్టి రెండోవాడికి చూపించాలి. ఇరవై రెండేళ్లలో ఎవరూ దాన్ని తప్పలేదు.

గోధుమ కోసేసిన సెప్టెంబరులో క్లైవ్ తప్పాడు.

పెర్సీ అప్పుడే దాటిన చోట క్లైవ్ హెడ్‌ఫోన్లు మోగాయి. జానెడు లోతు తవ్వితే మట్టిలో ఒక వెండి పెన్నీ. ఒకవైపు రాజు ముఖం, ఇంకోవైపు అంచుదాకా సాగిన శిలువ. ఏడువందల ఏళ్ల నాటిది.

"ఏంటిరా?" అని కేకేశాడు పెర్సీ.

"సీసా మూత."

ఆ మాట ఎలా వచ్చిందో క్లైవ్‌కే తెలియదు. పెర్సీ చూపించమని కూడా అడగలేదు. నమ్మేశాడు.

ముసలాయన తన వరసలో వదిలేశాడని తెలిస్తే బాధపడతాడని క్లైవ్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. సాకులు వెతకడంలో అతని ముందు ఏ యంత్రమూ పనికిరాదు. అసలు సంగతి, అంత అందమైనదాన్ని ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు. ఇంటికెళ్లి కుళాయి కింద పాత టూత్‌బ్రష్షుతో తోమి, సొరుగులో మేజోళ్ల కింద దాచాడు. నాలుగు రోజులు ముచ్చటగా చూసుకున్నాడు. ఐదో రోజు నుంచి సొరుగు తెరవడానికే సిగ్గేసింది.

తర్వాతి శనివారం పెర్సీ ఎప్పటిలాగే తన బేకన్ శాండ్‌విచ్‌లో సగం తుంచి ఇచ్చాడు.

"వెండి కళ్లజూసి రెండేళ్లయిందిరా. యంత్రం అమ్మేసి కుదురుగా కూర్చోమంటోంది మా ఆవిడ ఈడ్నా. ఒక్క పెన్నీ దొరికితే ఇంకో ఏడాది తిరుగుతా, లేదంటే నువ్వు చెప్పినట్టే అమ్మేస్తానని మాటిచ్చా."

క్లైవ్ తన సగాన్ని తిరిగి కాగితంలో చుట్టేశాడు. తను జేబులో వేసుకున్నది నాణేన్ని కాదు, పెర్సీ ఏడాదిని.

మరుసటి వారం క్లైవ్ గంట ముందే వచ్చి, పెర్సీ నడిచే వరసలో ఆ పెన్నీని రెండు వేళ్ల లోతున పాతిపెట్టాడు. పెర్సీ వచ్చాడు, యంత్రం తిప్పాడు, ఆగాడు, మోకాళ్ల మీద కూలబడి తవ్వాడు.

"ఒరేయ్ క్లైవ్! వెండిరా! రారా, చూడరా!"

అరచేయి చాచి పిలిచాడు. పెళ్లినాడైనా అంతగా నవ్వి ఉండడు. వెలుతురుకేసి తిప్పి చూస్తుండగా ఆ నవ్వు ఆగిపోయింది.

"అక్షరాల సందుల్లో మట్టి లేదేంట్రా? ఏడువందల ఏళ్లు నేలలో పడున్నది ఇంత శుభ్రంగా ఉంటుందా? దీన్నెవరో తోమారు."

తోమకూడదని తనకు నేర్పింది ఈ మనిషే. క్లైవ్ తల దించుకుని అంతా చెప్పేశాడు. సీసా మూత, సొరుగు, ఈ పొద్దున్న పాతడం, ఏదీ దాచలేదు. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యమన్నట్టు నిలబడ్డాడు.

పెర్సీ తిట్టలేదు. "ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"నీ వెనకాలే గురూ. నువ్వు యంత్రం తిప్పి దాటిన చోటే."

"గొణిగిందా?"

అవునంటే సరిపోయేది. కానీ ఇన్నాళ్లూ అబద్ధం మోసి అలిసిపోయిన క్లైవ్‌కి ఇక నిజం చెప్పి తేలికపడాలన్న ఆత్రం.

"లేదు గురూ. గంట కొట్టినట్టు మోగింది."

పెర్సీ హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు.

"మరి నాకు వినబడలేదే" అన్నాడు నెమ్మదిగా. "యంత్రం పాడైందనుకున్నాన్రా ఇన్నాళ్లూ."

పెన్నీని క్లైవ్ చేతిలో పెట్టి, యంత్రం ఆపేసి గేటువైపు నడిచాడు. ఇప్పుడు క్లైవ్ దగ్గర సర్దిచెప్పడానికి సాకూ లేదు, ఒప్పుకోవడానికి నిజమూ మిగల్లేదు. "గురూ!" అని పిలిచాడు. ఇంకా గట్టిగా పిలిచాడు. పెర్సీ వెనక్కి తిరగలేదు. వినబడక తిరగలేదో, విని కూడా తిరగలేదో క్లైవ్‌కి తెలియలేదు.