అప్‌డేట్ నొక్కింది ఎవరని అడిగాను

ఏడేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలంటే ముందు వాళ్ల ముఖంలోకి చూడాలి. ఆ ధైర్యం నాకు లేదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

ఆదోనిలో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి ఉంది. పేరు బాగానే ఉంది. ఆయన చేతిలో పెడితే చాలు, ఇంక చూసుకోనక్కర్లేదు అంటారు నా గురించి. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఎమ్మిగనూరు ఈరన్న గుర్తొస్తాడు. ఆయనకన్నా ఎక్కువగా ఆయన కోడలు సుజాత గుర్తొస్తుంది. ఇవి వాళ్ల అసలు పేర్లు కావు.

ఈరన్న మగ్గాలకు డిజైన్లు గీసేవాడు. చీర అంచులో ఏ దారం ఎక్కడ పైకి లేవాలో గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుతూ గీయాలి. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గానికెక్కితే అంచు పడుతుంది. అట్టలు అరిగి చిరిగిపోతే మళ్లీ ఆ కాగితమే దిక్కు. నలభై ఏళ్లు అదే పని చేశాడాయన. ఎమ్మిగనూరులో ఎవరికి కొత్త అంచు కావాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే.

కాగితాలకు చెదలు పట్టాయి. కౌతాళం నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన సుజాత, ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తాను మామా అందట. ఆదోనిలో నేర్చుకున్న పిల్ల. రెండేళ్లు కూర్చుంది. పక్కన పీట వేసుకుని మామ గడులు చెప్పేవాడు, ఆమె నింపేది. చెదలు తినేసిన చోట ఆయన కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుని చెప్పేవాడట. ఎక్కించిన కాగితాన్ని ఎక్కించినట్టే పొయ్యిలో పెట్టేసేవాళ్లు, మిగతావాటికి చెదలు పాకకుండా. అంటే చివరికి ఆ నలభై ఏళ్ల పనీ ఒక్క కంప్యూటర్లోనే మిగిలింది. దాన్ని పాత భాగాలు కూర్చి వాళ్లకు ఇచ్చింది నేనే.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. మేము డిస్కును రెండు భాగాలు చేస్తాం. సి అనే భాగంలో కంప్యూటర్ నడవడానికి కావలసిన సరంజామా ఉంటుంది. డి అనే భాగంలో మనుషులు దాచుకున్నవి ఉంటాయి. కంప్యూటర్ మొరాయిస్తే సి తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాం, డి జోలికి పోము. మా వీధిలో ఏ అంగట్లో అడిగినా సి కొట్టేయ్, అన్నీ డిలో ఉంటాయిలే అంటారు. నేనూ వేలసార్లు అని ఉంటాను. అలవాటైన పని చేసేటప్పుడు చెయ్యి ముందు పోతుంది, బుర్ర వెనక వస్తుంది.

ఒకరోజు పొద్దున సుజాత కంప్యూటర్ తెరిస్తే అది అప్‌డేట్ చేయమని అడిగింది. నొక్కింది. మీరైనా నేనైనా నొక్కుతాం. అది ఆగి మళ్లీ మొదలై, నీలం రంగు తెర చూపించి, మళ్లీ ఆగింది. ఎన్నిసార్లు వేసినా అంతే. మామా కోడలూ దాన్ని దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆదోనికి తెచ్చారు.

"నా గీతలన్నీ దీంట్లోనే ఉండాయప్పా. ఇంగ యాడా లేవు. రోంత సూసి చెయ్యి," అన్నాడు ఈరన్న.

"అవి యాడికి పోతాయి పెద్దాయనా? రేపు రండి," అన్నాను.

ఆయన చేతులు జోడించి వెళ్లాడు. నాకు చేతులు జోడించాడు, చూడండి.

ఆ రోజు ఆస్పరిలో మా చుట్టాల గృహప్రవేశం. మధ్యాహ్నం భోజనానికి వెళ్లాలి. నా భార్య ఉదయమే పిల్లలతో వెళ్లింది, అక్కడినుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఒకటి రెండు చిట్కాలు వేసి చూశాను, కంప్యూటర్ లొంగలేదు. అప్పుడు చేయాల్సింది ఏమిటో నాకు తెలియదా? డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, లోపలున్నవన్నీ ముందు తీసి పెట్టుకోవాలి. అరగంట పని. ఆ అరగంట నాకు బరువైంది. సి తుడిచేశాను. కొత్తది ఎక్కేలోపు తిని రావచ్చని అంగడికి తాళం వేసి బండెక్కాను. ఆస్పరిలో భక్ష్యాలు, అదే బొబ్బట్లు, వడ్డించారు. రెండు తిని మూడోది అడిగి వేయించుకున్నాను. ఏమి తిన్నానో నేటికీ గుర్తుంది, ఆ ఇంటి రంగు మాత్రం గుర్తు లేదు.

సాయంత్రం వచ్చి తెరిచి చూశాను. కంప్యూటర్ చక్కగా పనిచేస్తోంది. డి కోసం వెతికాను. డి లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అది చిన్న డిస్కు. ఆ కంప్యూటర్ కూర్చినరోజు ఏదో తొందరలో, ఇంత చిన్నదానికి రెండు భాగాలెందుకని విడదీయకుండా, అంతా సిగానే వదిలేసింది నేనే. సుజాతకు ఆ సంగతి చెప్పలేదు. నేనూ మరిచిపోయాను.

అప్పటికీ అంతా పోలేదు. ఇది చెప్పడమే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది. తుడిచినంత మాత్రాన డిస్కులో ఉన్నది వెంటనే చెరిగిపోదు. దాని మీద కొత్తది పడేదాకా అడుగున ఉంటుంది. కంప్యూటర్ అక్కడికక్కడ ఆపేసి, ఇలాంటివి బయటికి తీసేవాళ్ల దగ్గరికి బెంగళూరు పట్టుకుపోయి ఉంటే సగమైనా దక్కేవి. కానీ పట్టుకుపోవాలంటే ఎందుకో చెప్పాలి. నేను తుడిచానని చెప్పాలి. ఆయన చేతిలో పెడితే చాలు అనిపించుకున్న మనిషిని కదా! తలుపు దగ్గరగా వేసి నాకు తెలిసిన తంటాలు గంటసేపు పడ్డాను. డిజైన్ల పేర్లు కొన్ని తేలాయి. తెరిస్తే ఒట్టి బూడిదరంగు గళ్లు. ఆపేశాను.

మర్నాడు వాళ్లు వచ్చారు. రాత్రి కూర్చుకున్న అబద్ధం ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది, డిస్కు ముందే చెడిపోయి ఉందని. చెప్పబోయి, ఎందుకో ఇంకోటి అడిగాను.

"అప్‌డేట్ నొక్కింది ఎవరు?"

సుజాత మామ వైపు చూసింది. "నేనే నొక్కితినన్నా."

"అదేనమ్మా కొంప ముంచింది. లోపల ఏమీ మిగల్లేదు."

"నొక్కమని అదే అడిగె కదన్నా..."

"అడిగితే నొక్కేస్తారా? మాలాంటోళ్లని ఒక మాట అడగాల కదా!"

గొంతు పెంచాను కూడా. తప్పు చేసినవాడికి గొంతు ఎక్కడినుంచి వస్తుందో! సుజాత ఏడవలేదు. నొక్కిన వేలిని చూసుకుంటూ నిలబడింది. ఈరన్న బల్ల మీద చెయ్యి ఆనించి నాతో అన్నాడు, "నువ్వు శానా కష్టపడినట్టుండావప్పా. ఏం జేస్తావులే." మళ్లీ చేతులు జోడించాడు. కంప్యూటర్‌ను అదే దుప్పట్లో చుట్టుకుని వెళ్లిపోయారు. ఇంటికెళ్లి దాన్ని వేసిన ప్రతిసారీ అడుగున మిగిలినవి ఇంకొన్ని చెరిగిపోతాయని నాకు తెలుసు. తెలిసీ బస్టాండు దాకా పంపించాను.

వారం తిరక్కుండా ఇంకొకరు అదే జబ్బుతో వచ్చారు. అదే అప్‌డేట్, అదే నీలం తెర. ఈసారి కుదురుగా కూర్చున్నాను. ఎక్కిన అప్‌డేట్‌ను వెనక్కి తీసేశాను. ఇరవై నిమిషాలు. వాళ్ల ఫోటోలు, ఉత్తరాలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వాళ్లు సంతోషంగా వెళ్లిపోయాక అంగడి మూసేశాను. పట్టపగలు మూసేశాను. ఈరన్న అంచులు కూడా అలాగే ఉన్నచోట ఉండేవి. భక్ష్యాలకు ఆలస్యమయ్యేది, అంతే.

తర్వాతివి ఆ నోటా ఈ నోటా తెలిశాయి. చదువుకున్న కోడలని నెత్తిన పెట్టుకుంటే ఇల్లు ముంచిందని చుట్టాలు సుజాతను ఆడిపోసుకున్నారు. ఆమె మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. ఈరన్న కొత్త గళ్ల కాగితాలు తెప్పించుకున్నాడు. చెయ్యి వణికి గీత గడి దాటిపోయేది. అంచుల కోసం వచ్చేవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. మూడేళ్లకు ఆయన పోయాడు.

పరామర్శకు వెళ్లాను. ఎందుకు వెళ్లాను? చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. సుజాత మంచినీళ్లు తెచ్చిచ్చి అంది, "మామ నన్ను ఒక్క మాట గూడ అనలేదన్నా. తిట్టినా బాగుండు." నీళ్లు తాగాను. లోటా కింద పెట్టాను. బస్సుకు టైమైందని వచ్చేశాను. మనిషిలో ఇంత పిరికితనం ఉంటుందని నన్ను చూసే నాకు తెలిసింది.

ఇప్పుడిదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న సుజాత ఫోన్ చేసింది. అప్పుడప్పుడు చేస్తుంటుంది. వాళ్ల ఫోన్‌లో అప్‌డేట్ అని వస్తే చాలు, దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఇంకో ఫోన్ అడిగి తీసుకుని నాకు చేస్తుంది. నన్ను ఒక మాట అడగాలని నేనే కదా చెప్పింది! ఏడేళ్లుగా అడుగుతూనే ఉంది.

"నొక్కమంటావా అన్నా?"

"ఏమీ కాదమ్మా, నొక్కు."

"అప్పుడు గూడ ఏమీ కాదనే నొక్కితిని," అంది. నవ్వుతూనే అంది.

ఫోన్ పెట్టేసి నేరుగా ఇది రాయడానికి కూర్చున్నాను. క్షమించమని అడగను. అడగాల్సినవాళ్లలో ఒకరు లేరు, ఉన్నామె ముందు నాకు నోరు పెగలదు. రాస్తుంటే మాత్రం గొంతులో అడ్డుపడ్డది కొంచెం కదిలినట్టుంది. ఇది ఏదో ఒకరోజు ఆమె కంటబడి, నేనెవరో గుర్తుపడితే పట్టనీ.

సుజాతమ్మా, నువ్వు నొక్కినదాంట్లో ఏ తప్పూ లేదు. మీ మామ అంచులు చెరిపింది నేను.