నేను పోసిన ఆరు మెట్లు

అర్ధవీడు దగ్గర మేము కట్టుకున్న ఇల్లు నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. అందులో చేరి ఏడాదైనా మెట్లు కట్టించలేదు. గుమ్మం ముందు పేర్చిన బండల మీదే ఎక్కడం, దిగడం. ఒకరోజు మా అత్త నీళ్ళ బిందెతో సహా జారి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ ఇక ఆగకూడదనుకున్నాం. సిమెంటు, ఇసుక, కంకర దించుకున్నాక మేస్త్రీ ఫోన్ చేసి, "దర్శిలో స్లాబు పని తగిలింది, నెల దాకా రాలేనమ్మా" అన్నాడు.

మా ఆయన నీరుగారిపోయాడు. నేను కంకర కుప్ప వైపు చూసి, "మనమే పోసుకుందాం" అన్నాను.

"మనమా? ఎట్ల?"

"బెంగుళూరులో ఆరేండ్లు కాంక్రీటు మోసినా. కండ్లు మూసుకోని మోయలేదు గదా."

అనేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు, ఎప్పుడు తెల్లారుతుందా అని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా చేతికి సుత్తి ఇచ్చినవాళ్ళు లేరు.

ఆయన కాంక్రీటుకు అచ్చు కట్టే సెంట్రింగ్ చెక్కలు అద్దెకు తెచ్చాడు. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, వెడల్పు పదకొండు. అటూ ఇటూ పక్క గోడలకు చెక్కలు నిలబెట్టి, మధ్యలో మెట్టుకొక చెక్క అడ్డంగా బిగించాను. వాన నీళ్ళు నిలవకుండా ప్రతి మెట్టూ ముందుకు కాస్త వాలు పెట్టాను. కాంక్రీటు అంటుకోకుండా చెక్కలకు పాత ఇంజనాయిలు పూశాను.

"పక్క గోడలెందుకే, అనవసరంగా?" అన్నాడు ఆయన.

లోపలి నుంచి అత్తే జవాబు చెప్పింది. "నేను పట్టుకోని ఎక్కేకి."

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. ఆయన కలిపి తట్టలు అందిస్తుంటే, నేను కింది మెట్టు నుంచి పోసుకుంటూ ఇనుప కడ్డీతో కూరుతూ పైకి వచ్చాను. నాలుగో మెట్టు దగ్గర ఎడమ గోడ చెక్క కిర్రుమని బయటికి ఉబ్బింది.

"తట్టలు ఆపు. చెక్కకు కాలు అడ్డం పెట్టు" అన్నాను.

ఆయన చేతిలో తట్ట దించి కాలు ఆనించి నిలబడ్డాడు. నేను నేలలో ఒక గూటం దిగ్గొట్టి, చెక్కకూ దానికీ మధ్య ఊతకర్ర బిగించాను. ఉబ్బు ఆగింది. నవ్వొచ్చేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నేను చెప్పినట్టు ఆయన చేయడం అదే మొదలు.

మూడో రోజు చెక్కలు ఊడదీశాం. ఒక్కో చెక్క ఊడుతుంటే అంచులు కత్తితో కోసినట్టు బయటపడ్డాయి. ఒక మూల మాత్రం కంకర తేలితే సిమెంటు ముద్దతో పూడ్చాను. అత్త గోడ మీద చెయ్యేసి పైదాకా ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. "బాగుండాదే" అంది. ఆమె నోట ఆ మాట రావడం అరుదు.

నెల తర్వాత మేస్త్రీ వచ్చి, టేపు తీసి ప్రతి మెట్టూ కొలిచాడు.

"సెంట్రింగ్ ఎవరు కొట్టినారు?"

"నేనే అన్నా."

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం కంభంలో మెట్ల పనుంది. సెంట్రింగ్ నువ్వు చూసుకుంటావా?"

"చూసుకుంటా" అన్నాను. నా మాట పూర్తికాకుండానే మా ఆయన, "టిఫిన్ డబ్బా నేను కడతాలే" అన్నాడు.