పిట్స్ రోసల్ మీద నా ఓపిక

మా నాన్నకి మేం ఇద్దరం. వేట మా అక్క మెంజియాకి వచ్చింది, దాని గురించి మాట్లాడటం నాకు వచ్చింది. పద్నాలుగేళ్ళప్పుడే అక్క నాన్న వెనకాల బండలు పట్టుకుని పాకేది. నేను కింద గడ్డిమైదానంలో సంచులకు కాపలా ఉండేవాణ్ణి. ఎవరైనా ఎత్తుకుపోతారని నా వాదన. ఆ ఎత్తున మనుషులే ఉండరన్న సంగతి నాన్న ఎన్నడూ ఎత్తలేదు. ఆయన మర్యాదస్తుడు.

నేను పోస్టు బస్సు డ్రైవర్ని. మా ఊరు సుర్వియా నుంచి లోయలోని రైలు స్టేషను దాకా ఇరవై ఆరు మలుపులు. ఒక పక్క బండ, రెండో పక్క ఏమీ ఉండదు. చేతిలో స్టీరింగు ఉంటే నాకు ఏ భయమూ లేదు. కాలి కింద నేల రెండడుగులకు తగ్గిందంటే మాత్రం మోకాళ్ళు నా మాట వినవు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదని నలభై ఒకటో ఏటి దాకా గట్టిగా నమ్మాను.

సెప్టెంబరు వచ్చిందంటే సుర్వియాలో వడ్రంగి కొట్టు మూసేస్తాడు, తాపీమేస్త్రీ గోడ సగంలో వదిలేస్తాడు. వేట కాలం మొదలైంది కదా మరి. నేనూ బయటి డ్రైవరెవరికో బస్సు అప్పజెప్పి, లైసెన్సు తీసుకుని, తుపాకి భుజాన వేసుకునేవాణ్ణి. పద్దెనిమిది సెప్టెంబర్లలో నేను కొట్టింది ఒకే ఒక్క కొండ ఉడుత. అదీ నిద్రపోతోందని అక్క అంటుంది.

ఆ ఏడు వేట మొదలైన మొదటి ఆదివారం సారాకొట్లో వేట గార్డు తుమాష్ నా ఎదురుగా కూర్చున్నాడు. ఎవరు ఏ జంతువును కొట్టారో చూసి రాసుకునేవాడు అతనే. నా పేరు కింద ఆ ఉడుత తప్ప ఇంకేదీ రాసే పని అతనికి ఎప్పుడూ పడలేదు.

"బాల్సర్, నువ్వు వేటాడే చోట కొండమేకల కన్నా ఆవులెక్కువ కదరా," అన్నాడు.

"రేపు పిట్స్ రోసల్ ఎక్కుతున్నా," అన్నాను.

అన్నది నేనే. అంతకు ముందు మూడు గ్లాసులు తాగినదీ నేనే. కొట్లో అందరూ ఒక్కసారి తల తిప్పి చూశారు. ఆ చూపు బాగా నచ్చి ఇంకో గ్లాసు తెప్పించుకున్నాను.

పిట్స్ రోసల్ మా ఊరికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. సగం దాకా లార్చ్ చెట్లు, ఆ పైన రాళ్ళు, ఇంకా పైన నిలువు బండ. పొద్దున్నే రాళ్ళ దాకా బాగానే వెళ్ళాను. అక్కడ ఒక కొండమేక కనిపించింది. మంచి పోతు, కొమ్ముల కొనలు కొక్కేల్లా వెనక్కి తిరిగి ఉన్నాయి. అది బండ మీద అడ్డంగా నడిచి మలుపు తిరిగింది. నేనూ దాని వెనకే నడిచాను. దానికి నాలుగు డెక్కలున్నాయని నాకు తట్టలేదు.

ఇరవై అడుగులు వేశాక కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. బూట్ల మధ్య నుంచి మా ఊరి చర్చి కప్పు కనిపించింది. నేనున్నది మంచమంత వెడల్పున్న రాతి అంచు. పక్కన బండ చీలికలో ఒక పొట్టి దేవదారు మొక్క ఉంది. కూర్చుని దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాను. తుపాకి రెండు బారల దూరంలో పడిపోయింది. కాసేపటికి కొంచెం ధైర్యం చేసి, బెల్టు విప్పి నడుముకీ మొక్కకీ కలిపి కట్టుకున్నాను. ఆ తరువాత అసలు కదల్లేదు. అప్పటికి ఎనిమిదయింది.

పది గంటలకు ఆ పోతు తిరిగి వచ్చింది. పదిహేను అడుగుల దూరంలో నిలబడి నన్ను చూసింది. తుపాకి వంక కూడా చూసింది. పద్దెనిమిదేళ్ళుగా నేను కలగన్నది ఎదురుగా నిలబడి ఉంది, నా చేతులు మాత్రం మొక్కను వదలమంటే వదల్లేదు. అది అక్కడే పడుకుని గంటసేపు నెమరు వేసింది. మధ్యలో ఒకసారి ఆవలించింది. నన్ను అంత నమ్మకంగా చూసిన ప్రాణి ఇంకోటి లేదు, మా ఆవిడతో సహా.

నాలుగింటికి వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. తల తిప్పడానికి ధైర్యం చాలలేదు.

"ఏం చేస్తున్నావురా?" అంది అక్క.

"చూస్తున్నా."

"దేన్ని?"

"మేకని."

"అది పోయి చాలాసేపైంది కదా. లే, ఇంటికి పోదాం."

"అక్కా, దారి లేదు."

"గొర్రెల దారి నీ వీపు వెనకాలే ఉంది. నేనేమన్నా ఎగిరి వచ్చాననుకున్నావా?"

మెల్లగా తల తిప్పాను. బండ వెనక నుంచి రెండు మూరల వెడల్పున, గొర్రెపెంటికలు పడి ఉన్న చక్కటి దారి. చిన్న పిల్లలు కూడా నడిచేంత దారి. అక్క నవ్వలేదు. బెల్టు ముడి విప్పి, తుపాకి తీసి తన భుజాన వేసుకుంది. "నా కోటు పట్టుకో. నా మడమలు చూసుకుంటూ నడువు," అంది. లార్చ్ చెట్ల దగ్గరికి చేరాక తుపాకి నా చేతికిచ్చింది. ఊళ్ళోకి నేనే మోసుకెళ్ళాలని కాబోలు.

పాలకేంద్రం ముందు బల్ల మీద, వేటకి వెళ్ళలేని ముసలివాళ్ళు పెద్ద దుర్భిణులు నిలబెట్టుకుని రోజంతా ఎదురు కొండను చూస్తూ కూర్చుంటారు. నేను రాగానే అందరూ లేచి నిలబడ్డారు.

"ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్నావు. మీ నాన్న కూడా అలా కూర్చోలేదు," అన్నాడు ఒకాయన.

"అంత దగ్గరికి వచ్చినా కాల్చలేదేం?" అని ఇంకొకాయన.

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. "వయసులో ఉంది కదా. ఇంకో రెండేళ్ళు బతకనిద్దామనుకున్నా," అని వచ్చింది.

అక్క వంక చూశాను. ఆమె బూటు తాడు బిగించుకుంటోంది.

ఇక ఆ చలికాలమంతా నాకు పట్టపగ్గాల్లేవు. బస్సెక్కిన ప్రతివాళ్ళూ ఆ కథ అడిగేవాళ్ళు. పదమూడో మలుపులో పోతు వచ్చేది, ఇరవయ్యో మలుపులో నేను దాన్ని క్షమించేవాణ్ణి. క్రిస్మస్ నాటికి నేను గాలి వాసన చూసి దాని వయసు చెప్పేదాకా వెళ్ళాను. మార్చిలో తుమాష్ వచ్చి, వేట పరీక్షకి చదువుకునేవాళ్ళకి ఓపిక గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

బడి గదిలో తొమ్మిది మంది అభ్యర్థులు, వాళ్ళ వెనక సగం ఊరు. ముప్పావు గంట మాట్లాడాను. వేటగాడు బండలో బండగా మారాలన్నాను. తుమాష్ చేయెత్తాడు.

"ఒక్క సందేహం. బండగా మారేటప్పుడు బెల్టుతో మొక్కకి కట్టుకోవాలా, కట్టుకోకపోయినా ఫరవాలేదా?"

నవ్వు ఆపుకోలేక ఒకామె రుమాలు నోట్లో కుక్కుకోవడం కనిపించింది.

"అక్క చెప్పిందా?" అన్నాను.

"మీ అక్క ఒక్క ముక్క చెప్పలేదు. మంచి దుర్భిణులు, బాల్సర్. నీ ప్యాంటు జారితే పైకి లాక్కోడానికి కూడా నువ్వు చెయ్యి వదల్లేదు, అదీ చూశాం. మధ్యాహ్నం దాకా నువ్వే లేస్తావనుకున్నాం. లేకపోయేసరికి మెంజియాకి కబురు పంపాం."

"మరి ఇన్ని నెలలూ ఎందుకు ఊరుకున్నారు?"

"చలికాలం ఎంత పొడుగో నీకు తెలియనిదా," అన్నాడు తుమాష్.

అప్పుడు పగలబడ్డ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెవులు కాలిపోయాయి. పారిపోదామంటే తలుపు దగ్గర జనం. చివరికి కుర్చీలో కూలబడి నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. ఆ అభ్యర్థులకి ఆ రోజు నేను చెప్పిన నిజం ఒక్కటే: కిందికి చూడకండి. మర్నాడు పొద్దున బస్సెక్కిన పదకొండు మందీ ఒకరి తరువాత ఒకరు, "బెల్టు పెట్టుకున్నావా, బాల్సర్?" అని అడిగి మరీ కూర్చున్నారు. వాళ్ళలో పాస్టరుగారు కూడా ఉన్నారు.

బడి నుంచి ఇంటికొచ్చిన సాయంత్రమే అక్కతో అన్నాను, "నువ్వైనా చెప్పొచ్చు కదా, అందరికీ తెలుసని."

"నీ ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదురా. ఆర్పబుద్ధి కాలేదు," అంది, బార్లీ సూపు నా గిన్నెలో పోస్తూ.

ఇదంతా జరిగి ఇరవై ఆరేళ్ళు. బస్సు మానేశాను, వేట మానలేదు. అక్కకి డెబ్బై దాటాయి, ఒక మోకాలు మార్చారు. తుపాకి ఆమె పట్టుకుంటుంది, సంచి నేను మోస్తాను. బండ మొదలయ్యే చోట ఆమె ఆగి, "ఇక్కడ కూర్చో," అంటుంది. కూర్చుంటాను. కిందటి సెప్టెంబరులో రెండు గంటల తరువాత పైనుంచి ఆమె ఈల వినిపించింది. మేకని కొట్టింది, మోయడానికి రమ్మంటోంది. మోకాళ్ళు నా మాట వినలేదు. అయినా పాకుతూ వెళ్ళాను, గడ్డి కుదుళ్ళు పట్టుకుని, తిట్టుకుంటూ. దగ్గరికి చేరేసరికి గంట పట్టింది.

"ఏం తొందరొచ్చింది?" అంది అక్క, మేక పక్కన కూర్చుని రొట్టె తింటూ. నాకూ సగం తుంచి ఇచ్చింది.