అనగా గారి తడిగుడ్డ

చిన్న నేరాల కోర్టులో పరిశీలన గుమాస్తాకు ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ మాటన్నా "అనగా?" అని అడక్కుండా ఉండలేడు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది. జనం మాత్రం ఆయన్ని అనగా గారనే పిలిచేవారు.

క్షవరం చేసేవాడు "కాస్త తగ్గించమంటారా?" అంటే, "కాస్త అనగా?" అని జేబులోంచి స్కేలు తీశాడు. డాక్టరు "రోజూ నడవండి" అంటే, "నడక అనగా? బీరువా దాకా వెళ్ళి ఫైలు తేవడం అందులోకి వస్తుందా?" అన్నాడు. ఓరోజు భార్య విసిగి వేసారి, "నేను పుట్టింటికి పోతున్నా" అంది.

"పుట్టిల్లు అనగా? మీవాళ్ళు ఇల్లు మారారుగా?"

"అనగా మీరు లేని ఇల్లు!" అని ఆవిడ తలుపు ధడాలున వేసుకుంది.

ఇవన్నీ విని నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. ఏడ్చేవాడు ఒక్కడే, వార్డు ఇన్‌స్పెక్టరు. రోడ్డు మీద ఉమ్మినవాళ్ళను, దారికి అడ్డం నిలబడ్డవాళ్ళను, గోడల మీద రాసినవాళ్ళను పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఆ ఫైళ్ళు జడ్జి ముందుకు వెళ్ళేముందు, చట్టంలోని నిర్వచనాలకు సరిపోతాయో లేదో చూడటం అనగా గారి ఉద్యోగం. పన్నెండు ఫైళ్ళు వెళితే పదకొండు గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చేవి.

ఓసారి వీధి మలుపులో మూడు గంటలు తచ్చాడిన మనిషి మీద కేసు పెట్టాడు ఇన్‌స్పెక్టరు. నిష్కారణంగా సంచరించుట అని రాశాడు.

"కారణం అనగా?" అన్నాడు అనగా గారు.

"ఏమీ లేదండీ. ఊరికే నిలబడ్డాడు."

"కాళ్ళకేమున్నాయి?"

ఇన్‌స్పెక్టరు అది చూడలేదు. అనగా గారు స్వయంగా వెళ్ళి విచారించి వచ్చాడు. ఆ మనిషికున్న ఒక్క జత చెప్పులూ మలుపులో కుట్టేవాడి దగ్గర ఉన్నాయట. "మండుటెండలో వట్టికాళ్ళతో ఎక్కడికి సంచరిస్తాడు నాయనా?" అని ఫైలు మూసేశాడు.

గోడరాతల సంగతి మరీ అన్యాయం. "గుర్తు అనగా నీళ్ళు, సబ్బు, గుడ్డతో తుడిచినా పోనిది" అని చట్టంలో ఉంది. అందుకని అనగా గారు ప్రతి గోడ దగ్గరికీ బకెట్టు, సబ్బుబిళ్ళ, తడిగుడ్డ పట్టుకుని బయల్దేరేవాడు. బొగ్గురాతలు పోయేవి. సుద్దరాతలు పోయేవి. వాటితోపాటు ఇన్‌స్పెక్టరు పరువూ పోయేది.

"తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళున్నారని విన్నాను. కేసులు కోసేవాణ్ణి ఇక్కడే చూస్తున్నా" అని ఇన్‌స్పెక్టరు ఇంట్లో అన్నం ముందు కూర్చుని తల పట్టుకునేవాడు.

అలాంటివాడికి ఒకనాడు నికార్సయిన కేసు దొరికింది. ఆసుపత్రి ఆయా ఒకావిడ చేతిలో కుంచెతో, పక్కన ఎర్ర పెయింటు డబ్బాతో పట్టుబడింది. బస్టాపు నుంచి సందు చివరిదాకా గోడల మీద తొమ్మిది బాణాలు. ఇన్‌స్పెక్టరు ఉత్సాహంగా ఫైలు కట్టి, నంబరు వేయించి, కోర్టుకు పంపేశాడు. ఆ తర్వాత గానీ ఆవిడ మాట వినిపించుకోలేదు.

"మా ఆయన బస్సు డ్రైవరు బాబూ. నలభై ఏళ్ళు ఈ ఊరంతా తిప్పాడు. ఇప్పుడు మతిమరుపు. బస్టాపు దాకా వెళ్ళి బస్సులు చూడందే తోచదు, తిరిగి ఇల్లు కనుక్కోలేడు. బాణాలైతే గుర్తుపడతాడని గీశాను. శిక్ష పడితే ఆసుపత్రిలో తీసేస్తారు. అప్పుడు మా ఇద్దరి గతేంటి?"

నంబరు పడ్డ ఫైలును ఇన్‌స్పెక్టరు వెనక్కి తీసుకోలేడు. ఇక దిక్కు ఒక్కడే. అనగా గారి బల్ల ముందుకు పరిగెత్తాడు.

"గురువుగారూ, ఈ ఒక్కటీ తిప్పి కొట్టండి. మీ అలవాటేగా!"

అనగా గారు కళ్ళజోడు సవరించుకుని ఫైలు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. "గోడ. సరే. పరాయి గోడ. సరే. పెయింటు. సరే."

ఒక్కసారైనా అనగా అనలేదు. ఇన్నేళ్ళుగా ఏ మాట వింటే ఒళ్ళు మండేదో, ఆ మాట కోసం ఇన్‌స్పెక్టరు ఇప్పుడు చెవులు రిక్కించాడు. రాలేదు.

"పకడ్బందీగా కట్టావు నాయనా" అని మెచ్చుకున్నాడు అనగా గారు. ఆ మెప్పు ఇన్‌స్పెక్టరుకు చెంపదెబ్బలా తగిలింది. "ఇక గుడ్డ పరీక్షొక్కటే మిగిలింది. రేపు పొద్దున పదింటికి రా."

మర్నాడు మొదటి బాణం మీద తడిగుడ్డ పడింది. ఎరుపు చెక్కుచెదరలేదు.

"పోలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఏడుపు గొంతుతో రిజిస్టరు తెరుస్తూ.

"నీళ్ళు, సబ్బు, గుడ్డ అని చట్టంలో ఉంది. ఎంతసేపు తుడవాలో ఉందా?"

"లేదండీ."

"మరి నీకెందుకా తొందర? మూసెయ్యి."

అనగా గారు చొక్కా చేతులు మడిచాడు. అవి సున్నం గోడలు. అరగంట రుద్దేసరికి తడిసిన సున్నంతో పాటు పెయింటూ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. రెండో బాణం దగ్గర ఇన్‌స్పెక్టరు టోపీ తీసి గోడవార పెట్టాడు. మూడోదాని దగ్గర రెండో గుడ్డ తీసుకున్నాడు. సాయంత్రానికి తొమ్మిదీ పోయాయి, ఇద్దరి వేళ్ళ మీద తోలుతో సహా. "తుడువగా పోయినది, కావున గుర్తు కాదు" అని అనగా గారు ఫైలులో రాసి సంతకం పెట్టాడు.

కేసు పోయింది. ఉద్యోగం నిలిచింది. ఇన్‌స్పెక్టరు ఆ కబురు చెప్పబోతే డ్యూటీ నుంచి వస్తున్న ఆయా బోసిగోడలను చూసి కూలబడింది.

"అయ్యో, అన్నీ తుడిచేశారా! రేపు ఆయన ఎటు వస్తాడయ్యా?"

కొలువు నిలబెట్టి మొగుణ్ణి పోగొట్టే మేలు ఎవరికి కావాలి? ఇన్‌స్పెక్టరు అనగా గారి వైపు చూశాడు. ఆయన గుడ్డ పిండుకుని, బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట ఇన్‌స్పెక్టరుకు ముద్ద దిగలేదు.

పొద్దున్నే ముసలాయన్ని తానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్దామని బస్టాపుకు వచ్చాడు ఇన్‌స్పెక్టరు. గోడ మీద ఎర్రటి బాణం, స్కేలు పెట్టి గీసినట్టు. నాలుగడుగుల్లో రెండోది. ముసలి డ్రైవరు ఒక్కో బాణం దగ్గర బస్సు ఆపినట్టే ఆగి, లేని జనం దిగేదాకా చూసి, కండక్టరులా "రైట్!" అని కదులుతున్నాడు. సందు చివర, ఒక చేతిలో స్కేలు, రెండో చేతిలో ఎర్ర సుద్దముక్కతో గోడకు అతుక్కుని ఉన్నాడు అనగా గారు.

"గురువుగారూ! కోర్టు మనిషై ఉండి గోడ మీద గుర్తులా?"

"గుర్తు అనగా?" అంటూ ఆయన తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. బాణం మాయం. మళ్ళీ గీశాడు.

"వాన పడితే?"

"పడ్డ మర్నాడు వస్తాను. ఆఫీసు పదింటికి కదా."

డ్రైవరు ఎనిమిదో బాణం దాటి, మలుపు దగ్గర తటపటాయించాడు. ఇన్‌స్పెక్టరు అనగా గారి వైపు తిరిగాడు. "ఆ తొమ్మిదోది కనబడటంలేదండీ. కాస్త పెద్దది గీయండి!"

"కాస్త అనగా?"

ఇన్‌స్పెక్టరు ఆయన చేతిలోంచి సుద్దముక్క లాక్కుని, గోడ మీద తన చెయ్యి ఆనించి చూపించాడు.

"అనగా జానెడు!"

"రైట్!" అన్నాడు డ్రైవరు.