ఏనుగు మేత తగ్గించిన డ్రైవరమ్మ

డ్రైవరమ్మకు ముక్కుమీద కోపం. ఆ సంగతి ఆసుపత్రిలో వాచ్‌మన్ నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ తెలుసు. తెలియనిదల్లా కొత్తగా వచ్చిన మేనేజరుకే. అందుకే కాబోలు, ఆవిడ ఎదురుగానే ఆ మాట అనేశాడు.

"ఈ బండి లీటరుకు ఏడు కిలోమీటర్లు కూడా ఇవ్వట్లేదమ్మా. ఏనుగును మేపుతున్నట్టుంది. అమ్మేసి చిన్న కారు కొందాం."

బండి ఏనుగంత ఉన్నమాట నిజమే. పంతొమ్మిదేళ్ల నాటి డీజిలు బండి, ఎక్కాలంటే ముసలివాళ్లకు పీట వెయ్యాలి. వారానికి మూడు రోజులు కొండవాలు కాలనీల నుంచి ఏడుగురిని డయాలసిస్‌కు తీసుకొచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపడం డ్రైవరమ్మ పని. పదిహేనేళ్లుగా నడుపుతోంది, ఒక్క గీత పడనివ్వలేదు. అలాంటి బండిని పట్టుకుని ఎంత మాటన్నాడు!

"చిన్న కారులో నలుగురే పడతారు సార్. మిగతా ముగ్గురు?"

"ఎలాగోలా వాళ్లే వస్తారు. ఎవరిని ఆపొచ్చో మీకే బాగా తెలుసు. ముగ్గురి పేర్లు రాసివ్వండి."

రాయాలట! చక్రాల కుర్చీ బామ్మ పేరు రాయాలా? ఒంటరిగా ఉండే లెక్కల మాస్టారి పేరు రాయాలా? డ్రైవరమ్మకు ఒళ్లు మండిపోయింది. మేనేజరు చాపిన కాగితం వంక కూడా చూడలేదు.

"నెల రోజులు టైమివ్వండి సార్. లీటరుకు పది ఇప్పిస్తా. ఇప్పించలేకపోతే తాళాలు మీ బల్ల మీద పెట్టి పోతా. పేర్లు మాత్రం చచ్చినా రాయను."

కోపంలో నోరు జారడమంటే ఇదే. పది ఆ బండి కొత్తలో ఇచ్చింది.

డ్రైవరమ్మ మరిది మెకానిక్. విషయం విని, చేతిలో పానా కింద పెట్టేశాడు.

"పందెం కాసే ముందు నన్నొక్క మాట అడగొద్దూ వదినా?"

"అడిగితే వద్దంటావు. అందుకే అడగలా."

ఇక తప్పుతుందా, మర్నాడే షెడ్డులో బండి విప్పాడు. గాలి ఫిల్టరు దులిపితే తట్టెడు దుమ్ము రాలింది. వెనక చక్రం జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పితే సగం చుట్టుకే ఆగిపోయింది, బ్రేకు పట్టేసి ఉంది. పైన ఏళ్ల తరబడి ఊరికే మోస్తున్న ఇనప క్యారియర్ ఊడదీశాడు. సీట్ల వెనక నుంచి రెండు జాకీలు, ఇసుక మూట, తెగిన గొలుసు, ఎవరిదో ఒంటి చెప్పు బయటపడ్డాయి. టైర్లలో గాలి చూసి మాత్రం తల పట్టుకున్నాడు.

"ఇంత తక్కువేంటి వదినా?"

"నేనే తగ్గించా. గతుకుల్లో మెత్తగా ఉంటుందని. సూదులు గుచ్చిన చేతులయ్యా, కుదిపితే నొప్పి పుట్టదూ?"

"మెత్తగానే ఉంటుంది. డీజిలు కూడా అంతే మెత్తగా పోతుంది."

రెండు వారాలు గడిచాక ట్యాంకు నింపి కొలిచారు. ఎనిమిదిన్నర. బండిలో ఇక బాగుచెయ్యడానికేమీ మిగల్లేదు. ఏం చెయ్యాలో తోచక మరిది ఒక ట్రిప్పంతా ఆవిడ పక్కన కూర్చుని వచ్చాడు. దిగాక నీళ్లు నమిలాడు.

"చెబితే కొడతావేమో."

"చెప్పకపోతే కొడతా."

"లోపం బండిలో లేదు వదినా. నీ ఎడమ కాల్లో ఉంది. క్లచ్ మీద నుంచి ఒక్క క్షణం తియ్యట్లేదు. కుదుపు రాకూడదని సగం తొక్కిపట్టే నడుపుతున్నావ్. ఇంజను బలం చక్రాలకు పూర్తిగా అందకుండా మధ్యలోనే వృథా అయిపోతోంది."

డ్రైవరమ్మ ఒంటికాలి మీద లేచింది. "నాకు బండి నడపడం నేర్పుతున్నావా? నీకు సైకిలు నేర్పిందే నేను!"

"నేర్పావు. అప్పుడూ అంతే, వెనక సీటు పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ పూట మరిదితో మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుంటే బల్ల కింద ఎడమ కాలు దానంతటదే నేలను సగం తొక్కిపట్టి ఉంది. చూసుకుని సిగ్గుతో చచ్చిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన తప్పుకు ఇన్నాళ్లూ బండిని మాటలు పడనిచ్చిందా!

మర్నాటి నుంచి గేరు మార్చగానే కాలు తీసి మూలకు పెట్టడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ల అలవాటు ఊరికే పోతుందా? మొదటి రోజు బండి కప్పలా గెంతింది.

"ఏమ్మా, లైసెన్సు నిన్ననే వచ్చిందా?" అంది వెనక నుంచి బామ్మ. బండంతా నవ్వు. డ్రైవరమ్మ మొహం ఎర్రబడింది, అయినా కాలు మూలనే ఉంచింది. స్పీడు బ్రేకరు దూరాన కనబడగానే యాక్సిలరేటరు వదిలేయడం నేర్చుకుంది. ఎవరి ఇంటి ముందైనా ఆగితే ఇంజను ఆపేసేది. నాలుగో వారానికి బామ్మ మలుపుల రోడ్డు మొత్తం నిద్రపోయి, ఆసుపత్రి గేటు దగ్గర లేపితే లేచింది. టైర్లలో గాలి నిండుగా ఉన్నా సరే.

ఆఖరి వారం ట్యాంకు నింపించినప్పుడూ, ట్రిప్పులయ్యాక మళ్లీ నింపించినప్పుడూ మేనేజరే బంకు దగ్గర నిలబడ్డాడు. ఫోనులో లెక్క వేశాడు. నమ్మకం కుదరక ఇంకోసారి వేశాడు.

"పదీ పాయింట్ రెండు," అన్నాడు చివరికి. "బండి ఉంటుందమ్మా. ఏడుగురూ వస్తారు."

డ్రైవరమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే ఎక్కడ చులకనవుతానో అని గట్టిగా ముక్కు చీదింది.

మేనేజరు ఒక ఫారం ఇచ్చాడు. "పై ఆఫీసుకు పంపాలి. లోపం ఏంటో, ఏం చేశారో రాయండి."

"బ్రేకు అని రాసెయ్ వదినా," అని మరిది చెవిలో గొణిగాడు. "అబద్ధమేం కాదుగా."

బ్రేకు రాసింది. ఫిల్టరు రాసింది. టైర్లలో గాలి రాసింది. ఇంకో వరస ఖాళీగా ఉంది. పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత 'లోపం' కింద గుండ్రటి అక్షరాలతో "డ్రైవరు ఎడమ కాలు" అని రాసి, పక్క గడిలో "సరిచేయబడినది" అని పెట్టింది. కింద సంతకం చేసి, కాగితం మేనేజరు చేతిలో పెట్టి, తలెత్తుకుని బండెక్కింది.